మూతకు చిల్లు పెట్టిన సిరాబుడ్లు

మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద సిరాబుడ్లు బారు తీరి ఉన్నాయి. ఒక్కదానిలోనూ సిరా లేదు. మూతలకు చిల్లులు, చిల్లుల్లో సన్నటి రేకు గొట్టాలు, గొట్టాల కొసన తెల్లటి ఒత్తులు. అన్నిటిలోనూ సగానికి కిరోసిన్. వాటి వెనక నేనూ, నా పక్కన మా హైదరాబాదీ మిత్రుడూ గుడ్డకి చేతులు తుడుచుకుంటూ, గొప్ప పని పూర్తిచేసినవాళ్ళలా నిలబడి ఉన్నాం.

ఆవిడ సంచి కుర్చీలో పెట్టింది. బారంతా ఒకసారి చూసి, మధ్యలో ఉన్న ఒక బుడ్డిని మాత్రం చేతిలోకి తీసుకుంది.

"దీని మూతకి కూడా చిల్లు పెట్టేశారా?"

అవునన్నాను. రేకు మూత కాబట్టి గొట్టం బాగా కుదిరిందని కూడా చెప్పాను.

"ఎందుకివన్నీ?"

"ముప్ఫై ఒకటో తారీఖుకి. ఒకవేళ కరెంటు పోతే..."

"పోకుండా చూడడానికే కదండీ నేను రోజూ పొద్దున్నే లేచి వెళ్తున్నది."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. మా మిత్రుడు గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, ఇఫ్తారు వేళయిందంటూ మెల్లగా బయటపడ్డారు.

అది 1999 డిసెంబరు. ఊరు పెర్త్. మేముండేది కానింగ్ వేల్‌లో, ఒక వైపు కొత్త ఇళ్ళు, ఇంకో వైపు గోదాములు, మధ్యలో ఎటు చూసినా ఇసుక. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే తప్ప వంటింట్లో నిలబడలేం. అప్పటికి అక్కడ మనవాళ్ళు తక్కువే. ఎవరింట్లో పప్పు తాలింపు వేసినా మిగతా ఇళ్ళకు తెలిసిపోయేది.

మా ఆవిడ చాలా ఏళ్ళ క్రితం కోబాల్ నేర్చుకుని, హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయం కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం చేసింది. కొత్తగా చదువుకున్న పిల్లలు దాన్ని ముసలి భాష అని నవ్వేవారు. శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ ముసలి భాష వచ్చినవాళ్ళ కోసం దేశదేశాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నాయి. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే యంత్రం దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటుందా, రెండు వేలు అనుకుంటుందా అన్నదే గొడవ. అమీర్‌పేట గోడల మీద కోబాల్ తరగతుల బోర్డులు మొలిచిన రోజులవి. ఆవిడకు ఏ బోర్డూ అవసరం లేకపోయింది. పెర్త్‌లో కరెంటు సరఫరాకు సంబంధించిన ఒక ఆఫీసులో తేదీలు సరిచేసే జట్టులో పని దొరికింది.

నేను ఆవిడ వెంట వచ్చినవాణ్ణి. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో సగం జీవితం గడిపి, సెలవు తీసుకుని వచ్చాను. వారానికొక వ్యాసం రాసి ఫ్యాక్సు చేసేవాణ్ణి. రాత మాత్రం ఇంకు పెన్నుతోనే. అందువల్ల ఈ దీపాల గొడవకు మూలం నా సిరాబుడ్లే.

సిరాబుడ్ల మీద నాకు గట్టి అభిప్రాయాలు డెస్కులోనే ఏర్పడ్డాయి. మాకు న్యూస్‌ప్రింటు ముక్కలూ, అందరికీ కలిపి ఒక సిరాబుడ్డీ ఇచ్చేవారు. ఆ బుడ్డిని నేను ఇప్పటికీ క్షమించలేదు. పొడుగు మెడ, ఇరుకు మూతి, కింద బోలెడు పొట్ట. సిరా సగానికి దిగిందంటే పాళీ అందదు. బుడ్డిని వంచాలి. వంచితే సిరా ముందు చేతికి, తర్వాత చొక్కాకి, చివరికి అప్పుడే రాసిన వార్తకి. వార్త మీద పడితే సుద్దముక్క దొర్లించేవాళ్ళం. బేకలైటు మూత మరల్లో సిరా ఎండి బిగుసుకుపోతే తలుపు బందు సందులో పెట్టి తిప్పేవాళ్ళం. మా గది తలుపు సందు ఎప్పుడూ నీలంగానే ఉండేది. ఏ మంత్రి రాజీనామా చేసిన రోజైనా సరే, ఆ తలుపు దగ్గర ఒకరు బుడ్డి పట్టుకుని నిలబడి ఉండేవారు.

పెర్త్ నగరం మధ్యలో ఒక పాత స్టేషనరీ దుకాణం ఉండేది. ఊరంతా కంప్యూటర్లు కొంటున్న ఏడాది కదా, వాళ్ళు కూడా ప్రింటర్ కాట్రిడ్జిలకు చోటు చేయడానికి సిరాబుడ్ల అరను ఖాళీ చేస్తున్నారు. నేను వెళ్ళేసరికి కింది వరసలో ఏయే దేశాలవో బుడ్లు దుమ్ము కొట్టుకుని కూర్చున్నాయి. నాకు పండగే. నేల మీద కూలబడి ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూశాను. సిరా రంగు తర్వాత సంగతి. ముందు అడుగు ఎంత మందమో, మూతి ఎంత వెడల్పో, చివరి చుక్క ఏ మూలకు చేరుతుందో చూశాను. దుకాణం ఆయన ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చాడనుకుని ఉంటాడు.

అందులో ఒకటి ఆరు పలకలది. నిలబెడితే మామూలు బుడ్డి. సిరా తగ్గాక ఒక పలక మీద వాలిస్తే అలాగే కుదురుగా కూర్చుంటుంది. మిగిలిన సిరా ఒక మూలకు చేరుతుంది. దాన్ని చూసి దుకాణంలోనే పైకి నవ్వాను. ఇంకొకటి పైకి పోయేకొద్దీ సన్నబడే గోపురంలా ఉంది. బల్ల మీద పెడితే వచ్చినవాళ్ళు అత్తరు అనుకుంటారు. దాని అడుగు గాజు వేలెడు మందం. బయట నుంచి చూస్తే సిరా దండిగా ఉన్నట్టుంటుంది, పాళీ పెడితే గాజుకు కొట్టుకుంటుంది. అయినా కొన్నాను. తిట్టడానికి కూడా ఒకటి దగ్గరుండాలి. మా హైదరాబాదీ మిత్రుడు గోదాముల దగ్గర బియ్యం, మసాలా దినుసులు దించుకుని అమ్మే వ్యాపారి. వాళ్ళ తాతలది పాతబస్తీలో అత్తరు దుకాణం. ఆయన దాన్ని వేళ్ళతో తిప్పి చూసి ఒక్క మాటలో తేల్చేశారు.

"అన్నా, గిది అత్తరు కోసం చేసిన్రు, అమ్ముడువోక ఇంకు పోసిన్రు."

అన్నిటిలోకీ నా మనసు దోచుకున్నది మాత్రం చూపుకు ఏమంత గొప్పగా లేని బుడ్డి. పలకలు లేవు, నడుము లేదు. పాత సరుకు, రేకు మూత. గాజు లోపల, మూతికి కాస్త కింద, ఒక పక్కన చిన్న గూడు. మూత బిగించి బుడ్డిని ఒకసారి బోర్లించి నిలబెడితే ఆ గూడు సిరాతో నిండుతుంది. మూత తీసి పాళీ అందులో ముంచడమే. అడుగున ఎంత కొంచెం మిగిలినా గూట్లో మాత్రం పాళీ మునిగేంత లోతు ఉంటుంది. అందులో సిరా అయిపోయిన రోజు ఇంట్లో అందరినీ వంటింట్లోకి పిలిచి నీళ్ళతో చేసి చూపించాను. హైస్కూల్లో చదివే మా అమ్మాయి "కూల్, నాన్నా" అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం బుడ్డి అందుకుని తానూ బోర్లించి చూసింది. మళ్ళీ బోర్లించింది.

"దీన్ని చేసినవాడు సిరా అయిపోయే రోజు గురించి ముందే ఆలోచించాడండీ," అంది. "మా ప్రోగ్రాములు రాసినవాళ్ళు శతాబ్దం అయిపోయే రోజు గురించి ఆలోచించలేదు."

ఇరవై ఏళ్ళుగా నేను సిరాబుడ్ల గురించి చెబుతుంటే ఊఁ కొట్టిన మనిషి. ఆ మాటతో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దీపాల ఆలోచన నాది కాదు. మాకు బాగా దగ్గరైన ఒక నర్సమ్మ కోస్తా జిల్లాల నుంచి వచ్చి పెర్త్‌లో ఒక ఆసుపత్రిలో చేసేది. నన్ను అన్నయ్యగారూ అనేది, మా ఆవిడను వదినా అనేది. వాళ్ళ తెలుగు ప్రార్థన కూటం డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి ఒక అద్దె హాల్లో ఆరాధన పెట్టుకుంది. కరెంటు పోతే చీకట్లో పిల్లలు బెదిరిపోతారని ఆమె దిగులు. మా ఆవిడ ఆఫీసులో ఉన్న ఒక శనివారం, మా వంటింట్లో టీ తాగుతూ, అరలో వరసగా ఉన్న ఖాళీ బుడ్లను చూసింది.

"మా ఇంట్లో సిరాబుడ్డి అయిపోతే పారేసేవాళ్ళం కాదు అన్నయ్యగారూ. మా నాన్న మూతకి మేకుతో చిల్లు కొట్టి దీపం చేసేవాడు. నా పదో తరగతంతా దాని కిందే."

అంతే. అక్కడే కూర్చున్న మా మిత్రుడు వాళ్ళమ్మ వంటగదిలోని దీపం గురించి ఎత్తుకున్నారు. నేను మా ఇంటి దీపానికి మసిబారిన గోడ గురించి ఎత్తుకున్నాను. కొవ్వొత్తులు, టార్చిలైట్లు ఊళ్ళో దొరక్క కాదు. చేతులు ఎప్పుడో మరచిపోయిన పని ఒకటి మళ్ళీ దొరికిందన్న ఉత్సాహం మా ముగ్గురినీ ఊపేసింది. మిత్రుడు గోదాము నుంచి డ్రిల్లింగు మిషను తెచ్చారు. కూల్‌డ్రింకు డబ్బాలు కత్తిరించి రేకు గొట్టాలు చుట్టాం. పాత బనీన్లు ఒత్తులయ్యాయి. హార్డ్‌వేర్ దుకాణంలో కిరోసిన్ అడిగితే ఆయన బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చే పొయ్యికి, అది వాడకూడదని జాగ్రత్త చెప్పాడు.

దీపాలు చేయడం మొదలుపెట్టాక నా అభిప్రాయాలన్నీ తలకిందులయ్యాయి. ఆరు పలకల బుడ్డి అంత తెలివైనదే కానీ, దాని ప్లాస్టిక్ మూత వేడికి మెత్తబడిపోయింది. గోపురం బుడ్డి అసలు పనికే రాలేదు. అది దేనికీ పనికిరాదని రుజువైనందుకు నాకు తృప్తి. ఊరి నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్న స్కూలు సిరా బుడ్లు, పొట్టిగా, దిమ్మల్లా, రేకు మూతలతో, పుట్టిందే దీపాల కోసమన్నట్టు కుదిరాయి. ఇక నేను క్షమించనన్న డెస్కు బుడ్డి రకం ఒకటి పెట్టె అడుగున ఉండిపోయింది. తీసి చూస్తే పొడుగు మెడ వల్ల మంట కిరోసిన్‌కు దూరంగా, నిటారుగా నిలిచింది. బేకలైటు మూత కరగలేదు. ఇన్నేళ్ళూ దాన్ని తిట్టింది దాని పని కాని పనికి పెట్టి అని అప్పుడర్థమైంది. ముగ్గురం దాని చుట్టూ మూగి, కొత్త టీవీ కొన్నవాళ్ళలా చూస్తూ కూర్చున్నాం.

అంతలో పైకప్పుకి ఉన్న పొగ అలారం కీచుమని మొదలైంది. మా అమ్మాయి గదిలోంచి పరుగున వచ్చి, కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ బల్ల మీదికి చూసింది.

"నాన్నా, దిస్ ఈజ్ ఎ ఫైర్ హజార్డ్. డజ్ మమ్ నో?"

మమ్‌కు తెలియదు. నర్సమ్మ రెండు దీపాలు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. మిగతావి వారం మధ్యలో పూర్తి చేస్తున్నప్పుడే మా ఆవిడ వచ్చి, బల్ల ముందు నిలబడింది.

మిత్రుడు వెళ్ళిపోయాక ఆవిడ గూడు ఉన్న బుడ్డిని బల్ల మీద వెనక్కి పెట్టలేదు, చేతిలోనే ఉంచుకుంది. "దీన్ని బోర్లిస్తేనే కదండీ గూడు నిండేది. ఇప్పుడు బోర్లిస్తే కారిపోతుంది," అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ సోమవారం ఆఫీసు మీటింగులో, ముప్ఫై ఒకటో తారీఖుకి ఇంట్లో ఎవరెవరు ఏం సిద్ధం చేసుకుంటున్నారని సరదాగా అడిగారట. ఒకరు నీళ్ళ డబ్బాలన్నారు, ఇంకొకరు గ్యాసు పొయ్యి అన్నారు. ఆవిడ వంతు వచ్చినప్పుడు, మా ఇంట్లో కొవ్వొత్తి కూడా కొనడం లేదు, మేం చేసిన పని మీద నాకు నమ్మకముంది అని చెప్పిందట. గదంతా చప్పట్లు కొట్టిందట. వచ్చిన కొత్తలో ఆమె ఇంగ్లీషు విని రెండోసారి చెప్పమని అడిగే గది అది.

ఆ ఆదివారం ప్రార్థన కూటంలో పాస్టరుగారు ప్రకటన చేశారు. కరెంటు ఆఫీసులో పనిచేసే సహోదరి కుటుంబం, కరెంటు పోతే వాడుకోవడానికి దీపాలు పంపారు, వారికి వందనాలు అని. మా ఆవిడ జట్టులోనే పనిచేసే నెల్లూరు కుర్రాడొకడు ఆ కూటానికి వెళ్తాడు. సోమవారం అతను ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి ఒక మాట అన్నాడు. ఇంటికొచ్చి ఆవిడ దాన్ని నవ్వకుండా చెప్పింది.

"అక్కా, మీరు కరెంటు చూసుకోండి, బావగారు కిరోసిన్ చూసుకుంటారు."

మధ్యాహ్నానికి ఆ మాట ఇంగ్లీషులోకి మారి ఆఫీసంతా తిరిగిందట. సంగతి తెలిసి మా మిత్రుడు వచ్చారు. దీపాలన్నీ తన గోదాముకు పట్టుకుపోతానన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దన్నా, ఉండనివ్వండి. తీసేస్తే భయపడి తీసేసినట్టుంటుంది. ఆ రోజు అవి వెలగకుండా ఉంటే చాలు."

అప్పటి నుంచి ఆ బారు బల్ల మీదే ఉంది. మేం సోఫాలో కూర్చుని తిన్నాం.

ముప్ఫై ఒకటి శుక్రవారమైంది. మా ఆవిడకు ఆ రాత్రి ఆఫీసులోనే డ్యూటీ. రంజాను నెల. మా మిత్రుడు ఇఫ్తారుకు మా ఇంటికే వచ్చారు. మా ఊళ్ళో ఎండ ఇంకా గోడల మీద ఉండగానే న్యూజిలాండ్‌లో కొత్త సంవత్సరం వచ్చేసింది. టీవీలో వాళ్ళ వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. వార్త పుడుతున్నప్పుడు డెస్కులో తిరిగినట్టే టీవీకీ వంటింటికీ మధ్య తిరుగుతూ ఉన్నాను. సూర్యుడు దిగాక ఆయన ఖర్జూరం నోట్లో వేసుకుని బల్ల వైపు చూశారు.

"న్యూజిలాండ్‌ల లైట్లున్నయ్ అన్నా. మన దీపాలకు నౌకరి దొరికేటట్టు లేదు."

మేం అన్నం తినేవేళకు సిడ్నీ వంతు వచ్చింది. వంతెన మీద బాణసంచా, దాని వెనక మేడల్లో ఒక్క కిటికీ కూడా ఆరలేదు. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. అప్పుడే ఫోను మోగింది. మా ఆవిడ.

"దీపాలు వెలిగించలేదుగా?"

లేదన్నాను. సిడ్నీ చూశావా అని అడిగాను.

"సిడ్నీ వేరు, మనది వేరు. మా కంప్యూటర్లకి ఇంకా పన్నెండు కాలేదు. వాటి జోలికి పోకండి," అని పెట్టేసింది.

మా ఊరికి పన్నెండు వచ్చింది, వెళ్ళింది. ఫ్రిజ్ మోత ఆగలేదు.

తెల్లారి ఆవిడ వచ్చినప్పుడు ముఖం నిద్ర లేకపోయినా వెలిగిపోతోంది. ఆఫీసులో అందరూ కావలించుకున్నారట. మేనేజరు మైకులో ఆవిడ పేరు చెప్పాడట, తప్పుగా పలికాడట, అయినా చెప్పాడట. స్నానం కూడా చేయకుండా బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క బుడ్డిలోని కిరోసిన్ డబ్బాలోకి తానే వంపింది. డెస్కు బుడ్డి దగ్గర ఆగి, ఇది మాత్రం దీపంగా అందంగానే ఉందండీ అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. నర్సమ్మ ఫోన్ చేసి, దేవుడు మన ప్రార్థన విన్నాడు వదినా, దీపాలు ముట్టించే పనే పడలేదు అంది. మా మిత్రుడు అదంతా భాభీ చలవ అని తన దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. మిగతా ఊరు మాత్రం ఇంకొకటి అడగడం మొదలుపెట్టింది. ఏమీ కాలేదు కదా, మరి ఇన్నాళ్ళూ వీళ్ళు ఏం చేసినట్టు? అక్కడి పేపర్లు అదే అడిగాయి. నెల్లూరు కుర్రాడి అద్దె ఇంటాయన అదే అడిగాడు. చివరికి మా ఎడిటరుగారు కూడా ఫ్యాక్సులో అదే అడిగారు: భయం నిజమా, బూటకమా, మీ ఇంట్లోనే మనిషి ఉంది కదా, తేల్చి రాయండి అని.

పెన్నులో సిరా పోసుకుని, విలేకరిలా ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "ప్రోగ్రాములు పరీక్షించినప్పుడు, మేం మార్చని చోట్ల తేదీలు తప్పుపడడం నా కళ్ళతో చూశాను. మార్చకపోతే బిల్లులు మాత్రం ఖాయంగా తప్పు వచ్చేవి," అంది. లైట్లు ఆరిపోయేవా అని అడిగాను.

"తెలుసుకోవడానికి ఒకటే దారి. ముట్టుకోని పాత ప్రోగ్రాముల టేపు ఒకటి దాచి ఉంచారు. దాన్ని పాత మిషన్లన్నిటి మీదా తేదీ దాటించి నడిపి చూడాలి. నడుపుదామని నేను అడిగానండీ."

ఆ నెలాఖరుకి జట్టు కాంట్రాక్టు ముగిసింది. కొత్త యంత్రాలకు చోటు కావాలని పాతవాటిని లారీలో ఎక్కించి తీసుకుపోయారు. ఆ టేపు చదవగల యంత్రం ఆ ఆఫీసులో ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ చెయ్యి పెట్టకపోయి ఉంటే ఆ రాత్రి పెర్త్‌లో లైట్లు ఆరేవో, వెలిగే ఉండేవో, నడిపి చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.